అరవై దగ్గర

పేరుకి దీన్ని సైలెన్సర్ అంటారు.
ముప్పై ఏళ్లుగా ఆ పేరుని అబద్ధం చేసే
బతుకుతున్నాను ఆటోనగర్లో.
కుర్రాళ్లొస్తారు.
"నాగుల్‌మీరా, బెంజి సర్కిల్లో నేను మలుపు తిరిగితే
పటమటలో తలుపులు తెరుచుకోవాలి" అంటారు.
కోస్తాను. కడుపులో దూది పీకేస్తాను.
అతికి, సుత్తితో తట్టి,
డబ్బు లెక్కపెట్టుకుంటాను.

శ్రీచరణ్ సారూ అలాగే వేయించుకున్నాడు.
మూడు నెలలకి తిరిగొచ్చాడు.
"బయటికి బ్రహ్మాండం.
లోపలే,
అరవై దగ్గర మొదలవుతుంది
డెబ్బై దాకా వదలదు.
గుంటూరు చేరేసరికి
తలకాయ రోలు, ఆ మోత రోకలి."

నవ్వొచ్చింది.
ఊరి కోసం కొన్న మోతలో
కొసరు సొంతదారుకే.

వెనక సీట్లో ఆవిడ,
సుధామయి గారు, గుంటూరు కాలేజీలో లెక్కలు చెబుతారట.
దిగలేదు. కాయితాలు దిద్దుకుంటోంది,
ఎర్ర పెన్ను మూత పళ్ల మధ్య.

నేనే నడిపాను.
వారధి దాకా బుద్ధిగానే ఉంది బండి.
కింద కృష్ణలో ఇసుకే ఎక్కువ.
తాడేపల్లి దాటాక కాలు నొక్కాను.
యాభై ఐదు. యాభై ఎనిమిది.
నా కుడి చెవి సుత్తిదెబ్బలకి ఎప్పుడో పోయింది,
ఎడమది సగం జీతానికి పనిచేస్తోంది.
మోతని నేను దవడ పన్నుతో వింటాను.
అరవై.
పన్ను జివ్వుమంది.
గేరు పక్క గుంటలో చిల్లర
దానంతటదే జరుగుతోంది.
"ఇదే! ఇదే!" సారు అరుస్తున్నాడు కాబోలు.

అద్దంలో ఆవిడ
నోట్లోంచి పెన్ను మూత తీసింది.
కిటికీ వైపు తిరిగి
మాట్లాడుతోంది.

ఆటోనగర్లో అందరం పెదాలు చదువుతాం.
గ్రైండర్ల మధ్య టీ చెప్పాలన్నా
అప్పు అడగాలన్నా పెదాలే.
చదవకూడదు అనుకునేలోపే చదివేశాను.

మొత్తం చెప్పను.
ఒక ముక్క:
"ఆ రోజు నువ్వొస్తావని
ఆస్పత్రి మెట్ల మీదే కూర్చున్నా, చీకటిపడేదాకా."
ఇంకోటి ఆయన పేరు,
చిన్నపిల్లాణ్ణి నిద్రలేపుతున్నట్టు.

మూడు నెలలుగా రోజూ
అరవైకీ డెబ్బైకీ మధ్య
ఆవిడకో గది దొరికింది.
దాని గోడలు నేను కట్టినవే.

కాజా టోల్‌గేటు కనపడగానే నెమ్మదించాను.
మోత ఆగింది. పెదాలూ ఆగాయి.
అద్దంలో చూపులు తగిలాయి.
నేను చదివానని ఆవిడకి తెలిసిపోయింది.

ఈ జబ్బుకి మందొకటే.
పక్కన ఇంకో పైపు అతకాలి,
మూడు మూరలకి జానెడు తక్కువ, కొస మూసేసి.
ఎటూ పోని పైపు.
మోత అందులోకి దూరి
మూతకి తల కొట్టుకుని తిరిగొచ్చి
వెనక వస్తున్న మోతకి ఎదురుపడుతుంది.
అక్కడితో రెండూ సరి.
కొలత తప్పితే మాత్రం
కొంత మిగులుతుంది.

సారు టీకి వెళ్లినప్పుడు
టేపు పట్టుకుని అడిగాను,
"ఎంత ఉంచమంటారమ్మా?"

ఎవరి కాయితమో, మార్కులు కూడుతోంది.
కూడింది. కొట్టేసింది. మళ్లీ కూడింది.
"మొత్తం తీసెయ్యండి."

నా చేత్తో నేనే అతికాను.
ఏసుబాబుకి ఇవ్వలేదు.
పొగ కళ్లలోకి కొట్టింది.

బండి చడీచప్పుడు లేకుండా గేటు దాటి
తూకం కాటా పక్కన ఆగింది.
బ్రేకు లైట్లు ఎర్రగా, చాలాసేపు.
"అతుకు ఊడిందేమో, చూసి రానా?" అన్నాడు ఏసుబాబు.
వద్దన్నాను.
ఇంత దూరం నుంచి పెదాలు కనపడవు.
కనపడినా చూడను.

నాకూ అరవై దగ్గరపడుతోంది.
రాత్రి కంచం ముందు షంషాద్ ఏదో అంటుంది.
తలెత్తకుండానే ఊఁ అంటాను.
ఏమందో ఎన్నేళ్లుగా తెలీదు.

అప్పటికే షెడ్డు ముందు ఎవడో
ఇంజను అరిపిస్తున్నాడు,
"ఊరు అదిరిపోవాలి మావా!"
"ముందు లోపల కూర్చుని చూడరా, అరవై దగ్గర" అన్నాను.
వాడు చెవి దగ్గర చెయ్యి పెట్టి
"ఏంటీ?" అన్నాడు.